విజయకుమారి టీచరుగారి జత బల్లలు

విజయకుమారి టీచరుగారు ఈ వేసవిలో రిటైరయ్యేరు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాసి ఉంచుదామని కూర్చున్నాను గాని, రాయాలంటే ముందు మా మనవరాలు జాయ్ సంగతి చెప్పాలి. ఆ పిల్ల అన్నం మానేసి ఉండకపోతే, రోజూ మా ఇంటి ముందు నుంచి స్కూటీ మీద బడికి వెళ్ళే ఈ మనిషిని నేను తల తిప్పి చూసి ఊరుకునేవాణ్ణి.

మాది మలికిపురానికీ రాజోలుకీ మధ్య కాలవగట్టు ఊరు. కాలవల శాఖలో గుమాస్తాగా చేసి దిగిపోయినవాణ్ణి నేను. మా అమ్మాయి సుస్మిత అమలాపురంలో ఓ ఆస్పత్రిలో నర్సు. అల్లుడు ప్రేమ్ కుమార్ కువైట్లో పని చేస్తాడు. జాయ్‌ని అమలాపురంలోనే పేరున్న బళ్ళో వేసేరు. ఆ బళ్ళో ఓ పద్ధతి ఉండేది. నెలకోసారి పరీక్ష పెట్టి, ర్యాంకుల వరసలో పిల్లల్ని బల్లల మీద కూర్చోబెట్టేవారు. ఆ రోజు పిల్లలందరూ సంచులు భుజాన వేసుకుని గోడవారగా నిలబడాలి. పేరు పిలిచినకొద్దీ వెళ్ళి కూర్చోవాలి. ఆఖర్ని పిలిచినవాడిది ఆఖరి బల్ల. నాలుగో తరగతి అంతా మా పిల్ల మొదటి బల్ల మొదటి చోటు వదల్లేదు. ఐదులోకి వచ్చేక ఓ నెల మూడో చోటుకి జరిగింది, పై నెల రెండో బల్లకి వెళ్ళిపోయింది.

అప్పణ్ణించీ పొద్దున్న లేస్తే కడుపు నొప్పి. పరీక్ష రోజున వాంతులు. డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. దసరా సెలవలకి సుస్మిత పిల్లని తీసుకుని మా దగ్గరికి వచ్చింది. మా ఇంటావిడ వేడివేడిగా అన్నం, చింతచిగురు రొయ్యలు పెట్టి పిలిస్తే, జాయ్ కంచం ముందు కూర్చుని మెల్లిగా అంది:

"ర్యాంకు వచ్చేక తింటాను అమ్మమ్మా."

మా ఇంటావిడ నా వైపు చూసింది. ఇన్నేళ్ళు ఇన్ని పుస్తకాలు చదివేను, తొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

సెలవలయ్యేక జాయ్‌ని అమలాపురం పంపలేదు. మా ఊరి మండల పరిషత్తు బళ్ళో చేరుస్తామని చెప్పేసరికి కువైట్ నుంచి అల్లుడు ఫోను చేసేడు.

"గవర్నమెంటు బళ్ళోనా మావయ్యగారూ? వేసవిలో గురుకులం ఎంట్రన్సు ఉంది కదండీ. సీటు వస్తే ఇంటర్ దాకా దిగులుండదు."

"ముందు అన్నం తిననీ బాబూ" అన్నాను.

పిల్ల చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళేను. ఐదో తరగతి విజయకుమారి టీచరుగారిది. మార్కులు చూపిద్దామని జాయ్ ప్రోగ్రెస్ కార్డు జేబులో పెట్టుకెళ్ళేను గాని, ఆవిడ అడగనే లేదు. పిల్లతోనే మాట్లాడేరు.

"ఏమ్మా, నీకు గంట కొట్టడం వచ్చా?"

"ఏం గంట?"

"సాయంత్రం లాంగ్‌బెల్. వరండాలో రైలు పట్టా ముక్క వేలాడుతోంది చూడు, అదీ."

జాయ్ రాదన్నట్టు తల ఊపింది.

"అయితే దాన్ని గెలుచుకోవాలి మరి."

గెలుచుకోవాలి అన్న మాట వినగానే నాకు భయం వేసింది. పిల్లని లోపలికి పంపించి అడిగేను. "పోటీ వల్లే పిల్ల ఇలా అయిందమ్మా. ఇక్కడా పోటీయేనా?"

"పోటీ లేకపోతే నేనీ కుర్చీలో ఉండేదాన్ని కాదండి అన్నయ్యగారూ" అని నవ్వేరావిడ.

ఆ రోజు వరండాలో నిలబడి ఆవిడ చెప్పిన సంగతే నేను ఈ కాగితాల్లో ముఖ్యంగా రాయదలుచుకున్నది.

విజయకుమారిగారి నాన్న ఒకరి పొలంలో పాలేరు. తల్లి కూలికి వెళ్ళేది. ఊరి చివర వాళ్ళ పేటలో హైస్కూలు దాకా చదివిన మొదటి ఆడపిల్ల ఈవిడే. క్లాసులో ఎప్పుడూ ఈవిడకీ, కిరాణా కొట్టు రామ్మూర్తిగారి అమ్మాయి పద్మశ్రీకీ పోటీ. ఓసారి ఈవిడ ఫస్టు, ఓసారి ఆవిడ. ఇద్దరికీ మాటలు తక్కువ. మార్కులు చెప్పే రోజున మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవారట.

పదో తరగతి పరీక్షల ముందు తల్లికి జబ్బు చేసింది. తల్లి బదులు ఈవిడ కూలికి వెళ్ళి, బడి మానేసేరు. ఓ సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి ఇంటి ముందు పద్మశ్రీ నిలబడి ఉంది. ఆ రోజుల్లో షావుకారుగారి అమ్మాయి పేటలోకి రావడం చిన్న సంగతి కాదు. పేటంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

"ఏమే, బడికి రావేం?"

"రాను. పరీక్షా రాయను."

"బావుందమ్మా! నువ్వు రాయకపోతే నేనెవరి మీద ఫస్టు రావాలి? ఆ మాణిక్యాలరావు మీదా?"

మాణిక్యాలరావు క్లాసులో అందరికంటే ఆఖరు. ఈవిడకి ఏడుపులో నవ్వొచ్చిందట.

"నా దగ్గర గైడు కూడా లేదు" అన్నారు ఈవిడ.

పద్మశ్రీ సంచీలోంచి కొత్త సోషలు గైడు తీసింది. రెండు చేతులా పట్టుకుని, కుట్టు దగ్గర సగానికి చీల్చింది. "ఇవాళ ఇది నీది, అది నాది. రేపు సాయంత్రం వంతెన మీద మార్చుకుందాం" అని ఓ సగం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పరీక్షల దాకా వంతెన మీద ఆ మార్పిడి జరిగింది. గైడు కొనిస్తే చింపి పంచిపెడతావా అని రామ్మూర్తిగారు ఇంట్లో పద్మశ్రీని చెడామడా తిట్టేరట కూడాను.

"ఎవరికొచ్చిందమ్మా ఫస్టు?" అన్నాను నేను.

"నాకేనండి. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, 'సైన్సులో నీకెన్ని?' అని అడిగింది" అన్నారు. అని, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నాకు పద్మశ్రీ దొరికిందండి. పిల్లలందరికీ అలా వాళ్ళంతట వాళ్ళకి దొరకరు కదా. అందుకని నేనే పక్కన కూర్చోబెడతాను" అన్నారు.

అదీ ఆవిడ జత బల్లల పద్ధతి. పని చేసిన ప్రతి ఊళ్ళోనూ ఇదే చేసేరట. బాగా చదివే పిల్ల పక్కన చదువు రాని పిల్ల. శనివారం శనివారం పదేసి ప్రశ్నల పరీక్ష. ఇద్దరి మార్కులూ కలిపి ఆ బల్ల మార్కులు. గెలుపు మాత్రం ఎక్కువ మార్కులు తెచ్చుకున్న బల్లది కాదు. పోయిన శనివారం కంటే ఎక్కువ పెరిగిన బల్లది. ఆ బల్లకి వారమంతా లాంగ్‌బెల్ కొట్టే హక్కు. తొమ్మిదీ పదీ వచ్చే పిల్ల ఇక పెరిగేదేముంది? పక్కవాడు పెరిగితేనే గంట.

జాయ్‌ని కూర్చోబెట్టింది మణికంఠ పక్కన. వాళ్ళమ్మ భవాని కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. వాడికి చదువు తప్ప అన్నీ సరదాయే.

మొదటి శనివారం జాయ్ రుసరుసలాడుతూ వచ్చింది.

"తాతయ్యా, వాడికి నాలుగొచ్చింది. నాలుగొచ్చి నవ్వుతున్నాడు!"

"అంతకుముందు ఎంతట?"

"మూడు."

"మరి పెరిగింది కదే."

"పదికి నాలుగు తాతయ్యా! నాకు తొమ్మిదొచ్చిందని ఏడుస్తుంటే ఏమన్నాడో తెలుసా? 'తొమ్మిదొచ్చినా ఏడుపేనా? నాకో రెండిచ్చెయ్, ఏడుపు తగ్గుద్ది' అన్నాడు."

మా ఇంటావిడ వంటింట్లో నవ్వింది. జాయ్ నవ్వలేదు. ఆ రాత్రి సగం అన్నం వదిలేసింది.

టీచరుగారు పొద్దున్నే బడికి వెళ్తూ మా గుమ్మం ముందు స్కూటీ ఆపేవారు. దిగేవారు కాదు. ఇంజను ఆపకుండానే అడిగేవారు.

"రాత్రి ఎంత తింది అన్నయ్యగారూ?"

"సగం తిందమ్మా."

సరేననడానికి మా వైపు వాడే "ఆయ్" అనేసి వెళ్ళిపోయేవారు. ఆ ఏడాదంతా ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే. జాయ్ మార్కుల గురించి ఒక్కసారి మాట్లాడలేదు.

నెమ్మదిగా మణికంఠ సాయంత్రాలు మా అరుగు మీదకి రావడం మొదలెట్టేడు. గంట కావాలంటే వాడికి నేర్పక తప్పదని జాయ్‌కి అర్థమైంది. అది నేర్పడమంటే అలా ఇలా కాదు. "ఒరే, ఏడు మూళ్ళు ఎంత? పైకి చూడకు, అక్కడేం రాసి లేదు!" అని వీధి చివరికి వినపడేలా అరిచేది. వాడు "ఆయ్, చెప్తానుండు, ఆయ్" అంటూనే లెక్క తప్పేవాడు. క్రిస్మస్‌కి ముందు ఓ వారం వాళ్ళ బల్లకి గంట వచ్చింది. మా ఇంటికి వినపడాలని జాయ్ గంట గట్టిగా కొట్టేది, నాలుగింటికల్లా నేను అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి.

అయినా శుక్రవారం రాత్రిళ్ళు అన్నం సగమే. శనివారం పొద్దున్న కడుపు మీద చెయ్యి. అది పోలేదు.

ఫిబ్రవరిలో ఓ శనివారం జాయ్ పరిగెత్తుకుంటూ వచ్చి, సంచీ విసిరేసి, అరుగు మీద దొర్లి దొర్లి నవ్వింది.

"తాతయ్యా, నాకు సున్నా!"

మా ఇంటావిడ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పిల్లకి మతి గాని పోయిందా అని నేను చెప్పులు వేసుకుంటుండగానే స్కూటీ చప్పుడైంది. ఆ రోజు టీచరుగారు దిగేరు. నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"చూసేరా అన్నయ్యగారూ మీ మనవరాలి పని? పదికి పది తప్పు. దేశ రాజధాని ఏదంటే ఢిల్లీ బదులు మన పక్కూరు దిండి అని రాసిందండి!"

తీరా చూస్తే ఆలోచన మణికంఠది. పెరిగిన బల్లకే కదా గంట, ఈ వారం ఇద్దరం సున్నా తెచ్చుకుంటే వచ్చే వారం ఆకాశమంత పెరుగుతాం, గంట మనదే అన్నాడట. జాయ్ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఒప్పుకుంది. ఇన్నేళ్ళ నుంచి పిల్లలు చదువుతున్నారు గాని, ఈ కన్నం మాత్రం ఎవరూ కనిపెట్టలేదన్నారు టీచరుగారు.

"మణికంఠకీ సున్నాయేనా?" అన్నాను.

ఆ మాటకి జాయ్ లేచి కూర్చుంది. "అదే తాతయ్యా! నేనంత కష్టపడి సున్నా తెచ్చుకుంటే వాడు రెండు తెచ్చేడు!"

"ఏం చెయ్యమంటారండి, వాడికి సున్నా తెచ్చుకోవడం రాలేదు" అన్నారు టీచరుగారు. "రెండు పొరపాటున కరెక్టయిపోయేయి. ఈ పిల్ల నేర్పింది వాడికి పట్టుబడిపోయింది మరి."

సున్నాలు తెచ్చుకున్న బల్లకి వచ్చే వారం గంట లేదని అక్కడే తీర్పు చెప్పేరు. జాయ్ మూతి ముడిచింది గాని ఏడవలేదు. ఆ రాత్రి మాత్రం ఏమీ వదలకుండా తింది. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఆ రోజు నుంచీ టీచరుగారి పేరు చేరింది. మా ఇంటావిడ ఎన్నడూ చూడని పద్మశ్రీ పేరు కూడా చేర్చింది. "ఆ గైడు చింపకపోతే ఈవిడ ఎక్కడండీ మనకి?" అంది.

ఏప్రిల్లో గురుకులం ఎంట్రన్సు. టీచరుగారు క్లాసులో అందరిచేతా దరఖాస్తు పెట్టించేరు, మణికంఠతో సహా. జవాబు కాగితంలో సరైనదాని ఎదురుగా ఉన్న సున్నాని పెన్నుతో దిద్దాలి కదా. మొదటిసారి అలవాటు చేయించిన రోజున మణికంఠ ప్రతి ప్రశ్నకీ నాలుగు సున్నాలూ శుభ్రంగా దిద్దేసేడు. "ఏదీ ఖాళీగా వదలొద్దన్నారు కదండీ టీచర్" అన్నాడు. అప్పణ్ణించీ ఆ సంగతి జాయ్‌కి పెద్ద బెంగ.

పరీక్ష రాజోల్లో. సుస్మిత సెలవు పెట్టి వచ్చింది. గేటు ముందు జనం, ఆటోలు, గోడకి అంటించిన నెంబర్లు. ఆ జనంలో అమలాపురం బడి పిల్లలు టైలు కట్టుకుని కనపడ్డారు. వాళ్ళని చూడ్డంతోనే జాయ్ కడుపు పట్టుకుని గోడ నీడలో చతికిలబడింది.

"అమ్మా, ఇంటికి పోదాం."

సుస్మిత కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. అయినా, "పోదాం తల్లీ. పర్వాలేదు" అంది. కూతుర్ని ఒక్క మాటతోనైనా బలవంతం చేయనందుకు మా అమ్మాయిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. నాకు మాత్రం దసరా నాటి కంచమే కళ్ళముందు కనపడింది. ఇవాళ వెనక్కి వెళితే ఈ పిల్ల ఇంకే గేటూ దాటదేమోనని భయం వేసింది.

అప్పుడే టీచరుగారు ఆటోలోంచి పిల్లల్ని దింపేరు. జాయ్‌ని చూసి, వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చీర ఏమవుతుందో చూసుకోలేదు.

"నొప్పా?"

"ఊఁ."

"అయితే రాయొద్దులే."

ఇంతలో గేటు దగ్గర నుంచి మణికంఠ కేక వేసేడు. "జాయ్! ఒకటే దిద్దాలి కదా?"

"ఒకటేరా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదొకటి?"

"కరెక్టయింది!"

"అదేదో ఎలా తెలుస్తుందే?"

జాయ్ మొహం చిట్లించుకుంది. "వీడు మళ్ళీ నాలుగూ దిద్దేస్తాడు టీచర్."

"దిద్దేస్తాడమ్మా" అన్నారు ఆవిడ. "మీ ఇద్దరి నెంబర్లూ పక్కపక్కనే పడ్డాయి. వాణ్ణి చోట్లో కూర్చోబెట్టి, చూపించి వచ్చేయి. మేమిక్కడే ఉంటాం."

జాయ్ లేచింది. గౌను దులుపుకుని, వాడి చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ గేట్లోంచి లోపలికి వెళ్ళింది. మేం చూస్తూ కూర్చున్నాం. గంట కొట్టేరు. గేటు వేసేరు. జాయ్ రాలేదు. సుస్మిత లేచి గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. నేను ఆ రెండు గంటలూ మనసులో ఏం ప్రార్థించేనో నాకే తెలీదు.

పరీక్ష అయ్యేక ఇద్దరూ కొట్టుకుంటూ వచ్చేరు.

"వచ్చేద్దామనే లేచేను తాతయ్యా, సారు కూర్చోమన్నారు" అంది జాయ్.

"మరి రాసేవా?"

"ఊరికే కూర్చుంటే బాగోదు కదా."

"కడుపు నొప్పి?"

కడుపు మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. "మర్చిపోయేను."

ఆటో ఎక్కుతున్న టీచరుగారిని పక్కకి పిలిచి, లోపలే ఉండిపోతుందని మీకు ముందే తెలుసా అమ్మా అని అడిగేను.

"తెలీదండి. చూపించి వచ్చేసినా బాగానే ఉండేది. గేటు దాటింది కదండీ, అది చాలు" అన్నారు.

ఆ నెలాఖరునే బళ్ళో ఆవిడకి వీడ్కోలు సభ. శాలువాలూ ఉపన్యాసాలూ అయ్యేక, రావులపాలెం నుంచి ఒకావిడ లేటుగా వచ్చి, తిన్నగా వేదిక మీదికి ఎక్కేరు. జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరైన పద్మశ్రీగారు.

"మీ టీచరుగారు ఇవాళ రిటైరవుతున్నారు కదా" అన్నారు పిల్లలతో. "నేను రెండు నెలల కిందటే అయిపోయేను. టెన్త్‌లో ఈవిడ ఫస్టు వచ్చింది. ఇందులో నేనే ఫస్టు!"

పిల్లలు ఘొల్లుమన్నారు. విజయకుమారిగారు దండ మెడలో ఉండగానే, "దీనికి వెటకారం తగ్గలేదు" అని పద్మశ్రీగారి వీపు మీద ఒకటి వేసేరు. తర్వాత మా ఇంటావిడ పద్మశ్రీగారి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది. "మీ పేరు మా ఇంట్లో రోజూ తలుచుకుంటామండి" అంది. ఎందుకో ఆవిడకి తెలీదు. మా ఇంటావిడ చెప్పలేదు కూడా.

మే నెలలో ఫలితాలు వచ్చేయి. సుస్మిత అమలాపురం నుంచి సాయంత్రం ఫోను చేసింది. జాయ్‌కి సీటు రాలేదు. మణికంఠకీ రాలేదు. చెప్పక తప్పదు కాబట్టి నేనే చెప్పేను. జాయ్ గేటు దాకా వెళ్ళి, కాలవ వైపు చూస్తూ నిలబడి, తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వాడు ఎన్ని దిద్దేడో రేపు అడగాలి" అంది.

రాత్రి మా ఇంటావిడ మామిడికాయ పప్పు చేసింది. కంచం పెట్టి పిలిచింది గాని, నా వైపూ పిల్ల వైపూ చూడకుండా గిన్నెలు సర్దుతూ కూర్చుంది. నేను పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తున్నాను. జాయ్ వచ్చి కూర్చుంది. కలుపుకుంది. తింది. తర్వాత గరిటె అందుకుని తనే మళ్ళీ వడ్డించుకుంది.

మర్నాడు పొద్దున్నే స్కూటీ చప్పుడైంది. వేసవి సెలవలు, పైగా ఆవిడ రిటైరైపోయేరు. ఇటు రావలసిన పనేమీ లేదు. ఎప్పటిలాగే దిగకుండా, ఇంజను ఆపకుండా అడిగేరు.

"రాత్రి ఎంత తింది అన్నయ్యగారూ?"

"రెండోసారి వడ్డించుకుందమ్మా" అన్నాను.

"ఆయ్" అన్నారు. ఈసారి వెంటనే కదల్లేదు. కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, అప్పుడు వెళ్ళేరు.